నోటి బరువు

కర్ర ఇంకా మూడంగల దూరం ఉండగానే
బిషప్ తన తల తెచ్చి నా చేతుల్లో పెడతాడు.
తల కాదది,
వానలో నానిన బంగాళాదుంపల బస్తా.
గాల్లోనూ నేనే మొయ్యాలి,
దిగాకా నేనే.

గొంతు కింద తెల్లమచ్చ ఉందని ఆ పేరు.
ఆరేళ్ళు వీడి మీద నక్కల వేటకి తిరిగిన డాక్టరు
ప్రతి గోడ దగ్గరా పడబోయి
వీడి నోటినే పట్టుకునేవాడట,
చీకట్లో మెట్లెక్కే మనిషి
పక్క కమ్మీ పట్టుకున్నట్టు.

నవంబర్. మేయోలో వాన ఆగినట్టే ఆగి
గొర్రెల వీపుల మీంచి మళ్ళీ కారుతోంది.
మాలకీ స్వీనీ కొట్లో తోలు వాసన, తేనెమైనం వాసన.
గోడ నిండా మేకులు, మేకులకి కళ్ళేలు,
తలుపు తీస్తే చాలు గలగలమంటాయి.

"గట్టిది కావాలి" అన్నాను.
"ఎవరికి?" అన్నాడు.

గొలుసున్నది చూపించాడు:
లాగితే దవడ కింద బిగుసుకుంటుంది.
ఇంకొకటి పెదవుల మూలల్ని పైకి లాగి
తలని ఆకాశానికెత్తుతుందట.
"అడిగితే అమ్ముతాను. నాకూ కరెంటు బిల్లుంది.
ముందు వాడి నోరెలాంటిదో చెప్పు."

"మొద్దు."

ఆ మాటకి కళ్ళజోడు తీశాడు.
"మొద్దు నోటితో ఏ గుర్రమూ పుట్టదమ్మా, గ్రానియా."

బల్లకి అటువైపు నిలబడి
ఒక కడ్డీని రెండు గుప్పిళ్ళతో బిగించి
వాగెల కొసలు నాకిచ్చాడు.
"నేను గుర్రాన్ని. పట్టుకో."
డెబ్బై ఎనిమిదేళ్ళ గుర్రం వెనక్కి వాలింది.
నేను బిగపట్టాను. ఇంకా వాలింది.
మోచేతులు మండుతున్నాయి,
పోయినేడు విరిగిన కుడి మెడ ఎముక పాత పాట ఎత్తుకుంది.
"ఇప్పుడు వదిలెయ్."

వదిలేశాను.
మాలకీ వెళ్ళి పాలిష్ డబ్బాల మీద కూలబడ్డాడు.
నల్లవీ గోధుమరంగువీ నేలంతా దొర్లుతుంటే
వాటి మధ్య కూర్చుని
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"చూశావా, గోడ ఉంటేనే వాలేది."

చివరికి ఇచ్చినది సాదాది:
మూడు ముక్కలు, నడుమ రాగి గింజ,
రెండు పక్కలా నిలకడ లేని వదులు ఉంగరాలు.
ఆనుకుందామంటే జారిపోతుంది.
ముప్ఫై నాలుగు యూరోలు.
చొట్టపడ్డ డబ్బాలకి వేరే ఆరు.

మర్నాడు మొదటి కర్ర దగ్గర
బిషప్ నా చేతుల కోసం వెతికాడు.
లేవు.
మెట్టుందనుకుని అడుగేసినవాడిలా తూలాడు,
కర్ర ఎగిరి రెండు దొర్లులు దొర్లింది.
రెండోదీ పడింది.
కిందికి దిగి బురదలో వాటిని ఎత్తి పెడుతుంటే
వాడు నా వీపు మీద చొంగ కార్చాడు,
నోరంతా రాగి రుచి కాబోలు.

మూడోది.
అంగలు లెక్కపెట్టలేదు.
చెవులు ముందుకి నిక్కాయి.
వీపు నా కింద గుండ్రంగా లేచింది.
ఒక్క క్షణం
నా రెండు చేతుల్లోనూ ఏమీ లేదు.
భయమేసింది నాకు.
ఇన్నాళ్ళూ ఎవరు ఎవర్ని పట్టుకున్నామో.

నాలుగోదానికి మళ్ళీ పట్టేశాను.
వాడూ వెంటనే బస్తా తెచ్చి చేతిలో పెట్టాడు,
అప్పు తీర్చేవాడంత మర్యాదగా.

ఇప్పుడు రాత్రి.
కళ్ళేన్ని బకెట్టులో కడిగాను.
రాగి గింజ చుట్టూ నమిలిన గడ్డి పీచు,
గోటితో తీస్తే వచ్చింది.
నా చూపుడువేలి మీద వాగె కోసిన గీత ఎర్రగా ఉంది,
అది ఉప్పునీటికీ పోదు.

రేపు పొద్దున మంచు కురుస్తుందంటున్నారు.
ఉక్కు చల్లగా ఉంటుంది.
వాడి నోట్లో పెట్టేముందు కాసేపు
చొక్కా లోపల, చంకలో దాచుకోవాలి,
ముందు నేను వణికి.