పొద్దుల పద్దు

వంతెన ఎత్తడం నా పని.
ఫ్రీస్లండ్‌లో, నేల కంటే నీళ్ళకే ఎక్కువ దారులున్న చోట,
ముప్పై ఒక్క ఏళ్ళుగా.
పడవ వస్తే గంట కొడతాను, కార్లని ఆపుతాను,
రోడ్డుని లేపి నిలబెడతాను.
గాలపు కర్ర చివర వేలాడే చెక్కబూటు చాచి
సుంకం అడుగుతాను.
బూటులో నాణెం పడ్డ చప్పుడు
కర్ర పొడవునా పాకి నా మణికట్టు దాకా వస్తుంది.

మార్చి చివర్లో ఒకమ్మాయి వచ్చింది, ఆఫీసు నుంచి.
ఫ్రౌక్యె అని పేరు.
"పావుగంటకో గీత. ఏం చేస్తే అది రాయండి. ఆరు వారాలు."
వంతెనకి మనిషి కావాలా,
ఎక్కణ్ణుంచో మీట నొక్కితే చాలదా అని వాళ్ళ సందేహం.
నాకు నవ్వొచ్చింది.
ఊపిరి సలపని పని నాది. చూసుకోనీ.

మొదటి వారం కూడితే
వంతెన పైకీ కిందకీ రోజుకి నలభై ఒక్క నిమిషాలు.
మళ్ళీ కూడాను.
నలభై ఒకటే.

కొంగని చూశానని రాయడానికి సిగ్గేసి
"నీటి మట్టం పరిశీలన" అని రాశాను.
మూడోసారి అదే అబద్ధం రాస్తుంటే
కొంగ తల తిప్పి నా వైపు చూసింది.
కొట్టేసి, కొంగ అనే రాశాను.

ఇంటి గంటలు ఎవరూ అడగలేదు.
చెయ్యి ఆగలేదు.
కళ్ళజోడు వెతకడం, వారానికి గంటన్నర.
తమ్ముడు హార్మెన్ మీద కోపం, స్నానం చేస్తూ, రోజూ పావుగంట;
పదకొండేళ్ళ కిందటి పడవ మోటారు గురించి,
వాడు లేని గదిలో, వాడికి చెప్పాల్సినవన్నీ సబ్బుకి చెబుతూ.
సీప్కెతో మాటలు, నాలుగు నిమిషాలు.
అందులో మూడు వంతెన గురించి.
కొన్ని గళ్ళు ఖాళీ. ఆ రెండు గంటలు ఎటు పోయాయో
నేనే అక్కడ లేను.

పొద్దు పోవడం లేదంటారు కొందరు.
నాకెప్పుడూ పోయింది.
ఇన్నాళ్ళకి దానికో పద్దు.

తేనెపెట్టెలు చూద్దువు గాని రమ్మని
పోయిన వేసవి నుంచి పిలుస్తోంది సీప్కె.
తోట చివరికి నూట పన్నెండు అంగలు.
తీరిక లేదన్నాను, ప్రతిసారీ, నిజమే అనుకుని.
పుస్తకమంతా తిరగేశాను.
ఉంది తీరిక,
పాత కోటు జేబుల్లో చిల్లరలాగా
ఏ జేబులో చెయ్యి పెట్టినా.

ముప్పై తొమ్మిదో రోజు పుస్తకంలో పెన్సిల్ రాత.
ఏడూ ముప్పావు దగ్గర నేను "టీ" అని రాసిన గడి పక్కన:
"టీ కాదు. ఇది రాస్తున్నావు.
వేడి టీలో కలకండ చిట్లిన చప్పుడు
నేనొక్కదాన్నే విన్నాను."
దాని కింద ఇంకాస్త చిన్న అక్షరాల్లో:
"రాయడానికే రోజుకి ఇరవై రెండు నిమిషాలు.
దానికి గీత లేదేం?"

జవాబు రాయబోయి
టైం చూసి
పెన్ను మూత పెట్టాను.

ఫ్రౌక్యెకి వంతెన పేజీలిచ్చాను, కొంగతో సహా.
ఇంటి పేజీలు చింపి ఉంచుకున్నాను.
చలికాలం లోపు చెబుతామంది.
నలభై ఒకటి ఆమె కూడా రెండుసార్లు కూడింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం
తోట చివర, పొగడబ్బా నా చేతిలో,
సీప్కె ఒక చట్రం పైకెత్తి ఏదో చెబుతోంది,
రాణి ఈగ వీపు మీద తెల్లచుక్క, చూడు చూడు అంటోంది,
నాకింకా కనబడలేదు,
కాలువలో ఎవరో హారన్ కొడుతున్నారు.
రెండోసారి. మూడోసారి.
కనబడింది.
అప్పుడు పరిగెత్తాను.

రాత్రి వంతెన పుస్తకంలో చూస్తే
నా రాతే: తెల్ల తెరచాప పడవ, ఆరు నిమిషాలు ఆలస్యం.
కారణం అన్న గడిలో అక్షరం లేదు,
బొటనవేలి ముద్ర ఒకటి,
ఎదుటి పేజీని పట్టుకుని వదలడం లేదు.