కెటిల్‌కి చిల్లు

వేటసంఘం హాల్లో, దుప్పి కొమ్ముల కింద
ఒక కెటిల్ వేలాడుతుంటుంది.
అటొక చిల్లు, ఇటొక చిల్లు.
కాఫీకి పనికిరాదు.

సెప్టెంబరు చివర. కైను అడవుల మీద సన్నటి వాన.
తుయిరె బల్ల మీద పాత గొంగళి పరిచింది,
దాని మీద మూడు తుపాకులు,
మూతులన్నీ ఇసుకబస్తాల గోడకి.
"మా ఫిన్నిష్‌లో మ్యాగజైన్‌ని లిపస్ అంటాం. భరిణె అన్నమాట.
మా అమ్మమ్మ అందులో గుండీలు దాచేది."

ఒకటి ఊడొచ్చే పెట్టె. లోపల స్ప్రింగు,
స్ప్రింగు మీద రేకు, రేకు మీద తూటాలు,
బడి గంట కొట్టక ముందే
గుమ్మం దగ్గర తోసుకునే పిల్లల్లా.
ఒకటి తుపాకీ కడుపులోనే పుట్టింది, బయటికి రాదు.
అడుగు తలుపు తీస్తే మాత్రం
తూటాలన్నీ ఒక్కసారే అరచేతిలో రాలతాయి.
మూడోది గొట్టం. ముందున్నదాని వీపుకి
వెనకున్నదాని ముక్కు.
"అందుకే దీనికి మొద్దుముక్కువే వాడాలి.
సూదిముక్కు తూటాకి వీపులో పొడవడానికి
ఒక్క కుదుపు చాలు."

ఐనికి, పద్నాలుగేళ్ళది, చెయ్యెత్తింది.
"భరిణె తీసేస్తే ఇంక ఖాళీయేగా?"

తుయిరె మాట్లాడలేదు.
గదంతా కెటిల్ వైపు తిరిగింది.
వెనక బల్ల మీద ఒస్మో
బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు.

"ఆ సాయంత్రం కూడా భరిణె బల్ల మీదే ఉంది.
పొద్దున ఐదు పెట్టుకెళ్ళిన మనిషి
నాలుగు లెక్కపెట్టి తృప్తిపడ్డాడు.
తుడుద్దామని ఒళ్ళోకి తీసుకున్నాడు. మూతి పొయ్యి వైపు.
వేలు ఎక్కడుండకూడదో అక్కడుంది.
నేను అప్పుడే చక్కెర కోసం లేచాను."

అంతే. తర్వాత గొంతు మామూలైపోయింది:
ముందు భరిణె. ఆ తర్వాత బోల్టు వెనక్కి.
గదిలోకి చూడు. చూశాక చిటికెనవేలు పెట్టి తడుము,
కన్ను అలిసిపోయి ఉండొచ్చు.
వేరేవాళ్ళు ఖాళీ అని చేతికిస్తే
థాంక్స్ చెప్పి, మళ్ళీ నువ్వే చూసుకో.

ఐనికి చూసింది. తడిమింది.
చూపుడువేలు చెక్క పక్కన బారుగా,
ఎవరో గీత గీసినట్టు.
"ఖాళీ" అంది. మళ్ళీ తడిమింది.

నేను ఈ పాఠం వినడం పదకొండోసారి.
ఒస్మో ఏటా వస్తాడు. ఏటా వెనక బల్లే. ఒక్కమాటా అనడు.
చివర్లో లేచి, కొత్త కెటిల్లోంచి అందరికీ కాఫీ పోస్తాడు.

చక్కెర మాత్రం ఎప్పుడూ దూరంగా,
అవతలి గోడ అల్మారాలో.
దగ్గర పెట్టుకోవచ్చుగా అని
ఎవరూ అడగరు.