పళ్ళెం కింద రాయి

బాటీ సంతలో, అఫార్ ఒంటెలు ఉప్పు దించే చోట,
సరుకు పళ్ళెం అడుగున మైనంతో గులకరాయి అంటించింది నేను.
చూసి నోరు మూసుకున్నది ఎంద్రిస్.
కరువు ఏడాది. చాటెడు జొన్నకి గుప్పెడు చొప్పున
మాకు మిగిలింది.
ఎవరికి తగ్గిందో లెక్క రాయలేదు.

పదకొండేళ్ళకి, పెద్ద ఉపవాసం చివర,
అబ్బా వొల్దె ముందు మోకరిల్లి చెప్పేశాను.
చెక్క సిలువ నా నుదుటికి ఆనించాడు.
నూరు సాష్టాంగాలన్నాడు.
ఇంకేదో కూడా అన్నాడు, అప్పటికే నేను లేచాను.
కొండ దిగుతుంటే చెప్పులక్కూడా బరువు లేదు.

ఎంద్రిస్ కాఫీ గింజలు వేయిస్తూ విన్నాడు.
"దేవుడి బాకీ దేవుడు మాఫీ చేస్తాడు,
ఆయన దయకి కొదవేముంది.
లుబాబా గుప్పెడు జొన్న లుబాబాదే.
అది ఆమె వదిలేస్తేనే వదులుతుంది.
ఉప్పు తిన్నవాడే నీళ్ళు తాగాలి, ములాత్."

"ఉప్పు మనం తిన్నాం,
దాహం ఆయన పడ్డాడు," అన్నాను.
వాడు నవ్వలేదు. కాదనలేదు.
మొదటి కప్పు నాకే పోశాడు.

మర్నాటి నుంచి గాడిద మీద సంచి వేసుకుని
గడప గడపకీ తిరిగాడు.
కొందరు తిట్టి తీసుకున్నారు,
కొందరు తీసుకుని తిట్టారు.
ఒక పిల్ల తలుపు సగం తెరిచి
"గుప్పెడంటే ఎవరి గుప్పెడు, నీదా, మా అమ్మదా?" అంది.
రెండూ కొలిచి పోశాడు.
నా పేరు ఏ గుమ్మంలోనూ చెప్పలేదట.
తిట్టినా బాగుండేది.

లుబాబా రెండేళ్ళ కిందటే పోయింది. పిల్లల్లేరు.
సమాధి పక్కన సంచి దించుకుని
పొద్దు వాలేదాకా కూర్చున్నాడని తెలిసి వెళ్ళాను.
"ఆ రోజు, ఆ తక్కెడ దగ్గర,
నా పుణ్యంలోంచి తీసుకుంటుందిలే," అన్నాడు.
కాసేపాగి, "ఉంటే," అన్నాడు.

నేను తేలికపడ్డ మాట నిజం.
నా దేవుడు అబద్ధమాడడు.
కానీ ఆ రాత్రి ఆమె అంబలి ఎంత పలచనైందో
నా తేలికలో నాకు తోచనే లేదు.
అబ్బా అన్న ఆ మిగతా మాట
అప్పుడు గుర్తొచ్చింది:
తీసుకున్నది తిరిగిచ్చిరా.

సంచి రెండో కొస పట్టుకున్నాను.
ఎంద్రిస్ నా చేతుల వైపు చూశాడు.
"ఇది మొయ్యి. ఇదైతే మొయ్యొచ్చు."
ఇద్దరం ఎత్తి గాడిద మీద వేశాం.
ఇంకా నలభై గుమ్మాలున్నాయి, చీకటి పడుతోంది.

రాయి ఏం చేశావని వాడెప్పుడూ అడగలేదు.
జేబులోనే ఉంది.