కార్డు నా చేతిలోనే ఉంది

టొలీడోలో మంచు
బస్టాపు బెంచీని కూడా మింగేసిన పొద్దున
బండి నిండా సరుకులేసుకుని వరసలో నిలబడ్డాను.
గుడ్లు, బియ్యం, కోడికాళ్ళు,
మికాయ్‌కి చక్కెర తక్కువున్న సీరియల్,
రెండు నారింజపళ్ళు. రెండే, లెక్కగా.
మిషను ఒకసారి కీచుమంది. ఇంకోసారి.
"ముప్ఫై ఒక్క సెంట్లున్నాయి" అంది కౌంటరు పిల్ల,
నాకొక్కదానికే వినపడాలని గొంతు తగ్గించి.
ఆ తగ్గించడమే అందరికీ వినపడింది.

ఒక్కొక్కటీ వెనక్కి పెట్టాను.
తీసినప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది.
నారింజలు ఆఖరున.

కార్డు వెనకాల నంబరుకి ఫోను చేస్తే
నలభై నిమిషాలు సంగీతం, ఆ తర్వాత ఒక మనిషి.
రాత్రి పన్నెండూ నాలుక్కి డబ్బు పడిందండీ,
పన్నెండూ ఆరుకి పోయింది, అన్నాడు.
ఆ రెండు నిమిషాల్లో నేను
పిల్లాడి మీద దుప్పటి సర్దుతూ ఉండుంటాను.
బ్రిడ్జ్‌పోర్టట. నేనెన్నడూ అడుగుపెట్టని ఊరు.
నాలుగొందల పన్నెండు డాలర్లకీ పాలపొడి డబ్బాలు.
ఏ పసివాడు తాగుతాడు అన్ని పాలు?
ఒకవేళ నిజంగానే ఎవడైనా తాగుతుంటే...
ఆ ఆలోచన మీద నాకే కోపమొచ్చింది. ఆపేశాను.

కౌంటీ ఆఫీసులో ఫారం.
కార్డు ఎప్పుడు పోగొట్టుకున్నారు?
పోగొట్టుకోలేదు.
ఎవరికైనా ఇచ్చారా?
లేదు.
కార్డు ఇప్పుడెక్కడుంది?
నా చేతిలోనే ఉంది, ఇదిగో.
పర్సుంది, తాళముంది, నేనున్నాను,
నోటికాడి కూడు మాత్రం లేదు.
దానికి ఫారంలో గడి లేదు. అంచున రాశాను.

అద్దం అవతల మిస్ వోల్కర్ మంచి మనిషే.
చలికి పగిలిన పెదాలు.
ఇన్ని రోజుల్లోపు చెప్పుకోవాలి, ఇంతవరకే ఇస్తారు,
పైగా మధ్యలో తేదీ ఒకటి పెట్టారు,
దాని తర్వాత పోయిన తిండికి పరిహారం లేదు
అని కాగితం నా వైపు తిప్పి చూపించింది.
దొంగకి తెలుసా ఈ తేదీ సంగతి, అన్నాను.
నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు.
"అయినా రాసివ్వండి" అంది,
"రాయకపోతే జరగనట్టే లెక్క."

సాయంత్రం మూలకొట్టు నబీల్ దగ్గరికెళ్ళాను.
పోయిన వారం బ్రెడ్డు కొన్నదక్కడే మరి.
ఏమీ అనలేదు, మిషను వైపు చూశానంతే.
అతను గోరుపెట్టి అంచు లాగాడు.
పాము కుబుసంలా ఊడొచ్చింది
పైన అంటించిన ఇంకో మొహం,
అదే రంగు, అవే బొత్తాలు.
ఇద్దరం చాలాసేపు దాన్నే చూశాం.
"రోజూ తుడుస్తాను ఈ కౌంటరు" అన్నాడు,
"దీన్నీ తుడిచానన్నమాట."
చెవులు ఎర్రబడ్డాయతనికి.
డజను గుడ్లు సంచిలో పెట్టాడు,
అప్పుల పుస్తకం తెరిచాడు, మళ్ళీ మూయబోయాడు.
రాయి, అన్నాను.
ప్రూయిట్, గుడ్లు, డజను. రాయి.
రాయకపోతే జరగనట్టే లెక్క.

కొత్త కార్డొచ్చింది, సున్నాతో.
నాలుగంకెలు ఎంచుకోమంది ఫోనులో గొంతు.
పాతవి మా అమ్మ ఇంటి నంబరు.
ఆ ఇల్లు పడగొట్టి కార్లు నిలుపుకుంటున్నారు, పంతొమ్మిదేళ్ళుగా
నా వేలికొసల్లో తప్ప ఆ నంబరు ఎక్కడా లేదు.
ఇప్పుడు ఎవడి దగ్గరో ఉంది.
అమ్మ గడప దాటే వచ్చాడు వాడు లోపలికి.
ఫోను పెట్టేశాను. మర్నాడు మళ్ళీ చేశాను.
ఏ అంకెలు నొక్కానో మికాయ్‌కి కూడా చెప్పను.

పదిహేడో రోజు ఉత్తరం. తిరస్కరించడమైనది.
అప్పీలుకి తొంభై రోజులు.
వంటింటి బల్ల మీద రాస్తున్నాను,
ఎదురుగా వాడు ఉడికిన గుడ్డు వలుచుకుంటున్నాడు.
"ఇస్తారా అమ్మమ్మా?"
పెంకు నేల మీద పడేయకు, అన్నాను.

నష్టం ఎంత, అని అడిగింది కాగితం.
నాలుగొందల పన్నెండు డాలర్లు.
ఇంకా చోటు మిగిలింది.
రెండు నారింజపళ్ళు, అని రాశాను.