పచ్చదనం అనగా

మెర్తీలో బడి పంతుల్ని. జీతం చాలక
ఆ బీమా కాగితాన్ని బొరానా మాటల్లోకి తెచ్చింది నేనే.
పేజీకి రెండు వందల షిల్లింగులు,
పదకొండు పేజీలు, మధ్యలో ఒక టీ.
వచ్చిన డబ్బుతో ఒక మేకపిల్లని కొన్నాను.

మూడో పేజీ, నాలుగో నిబంధన:
"మేత అనగా ఉపగ్రహమునకు అగుపడు పచ్చదనము."
పెన్ను అక్కడ కాసేపు ఆగింది, నిజం చెప్పాలి.
మేతకు మా దగ్గర తొమ్మిదో పదో పేర్లున్నాయి.
వాన వెలిసిన వారానికి మొలిచేది ఒకటి,
దూడ మొదటిసారి మూతి పెట్టేది ఒకటి,
ఎండి గలగలమన్నా పొదుగు నింపేది,
పశువు వాసన చూసి వదిలేసేది.
వీటిలో ఏదండీ అని అడిగితే
నైరోబీ నుంచి ఫోన్లో ఒక గొంతు నవ్వింది:
"పచ్చగా ఉండేదేదో రాసేయండి మాస్టారూ."
రాసేశాను.
పెళ్లిలో పెద్దలు పచ్చగా ఉండండి అని దీవిస్తారే,
ఆ మాటే పెట్టాను. ఇంకా నయమనిపించింది, వినడానికి బావుందని.

అబ్దుబా ఆ కాగితాలు మోటారుసైకిలు మీద వేసుకుని
గుడిసె గుడిసెకీ తిరిగాడు.
చెడ్డవాడేం కాదు, తన ఆవులకూ కట్టాడు.
"కరువొస్తే డబ్బొస్తుంది" అన్నాడు.
పదకొండు పేజీల్ని రెండు మాటలు చేశాడు,
నాకంటే గట్టి అనువాదకుడు.

గుమతో రెండు మేకలమ్మి ప్రీమియం కట్టింది.
వేలిముద్ర వేశాక సిరాని
తలగుడ్డ అంచుకు తుడుచుకుంది.
"వాన మీద నమ్మకం పోయింది,
కాగితం మీద పెట్టి చూద్దాం" అంది.

రెండు వానకాలాలు మొహం చాటేశాయి.
ఎవాసో నది ఇసకై పడుకుంది.
గుమతో ఆవులు ముందు మోకాళ్ల మీదికి,
తర్వాత పక్కకి,
తర్వాత లెక్కలోకి. పద్నాలుగు.

పైనుంచి చూసే కంటికి మాత్రం
నది పొడుగునా పచ్చగా ఉంది.
సర్కారు తుమ్మ.
ఎడారిని ఆపుతుందని ఎవరో ఎప్పుడో నాటి పోయిన ముల్లు.
దానికి వానతో పనిలేదు,
పాతాళానికి గొట్టం వేసుకుని తాగుతుంది.
దాని కాయ నమిలిన మేకలకు పళ్లు పుచ్చి రాలతాయి,
దాని ముల్లు దిగిన ఒంటె నెల్లాళ్లు కుంటుతుంది,
దాని నీడన గడ్డిపరక లేవదు.
అయినా పచ్చన.
నాలుగో నిబంధన ప్రకారం
నిండుగా, ఏ వంకా లేకుండా, మేత.

జవాబు ఒక్క వాక్యం వచ్చింది. చదివి చెప్పాల్సిందీ నేనే.
"సదరు కాలమున మీ ప్రాంతమున కరువు సంభవించలేదు."
మళ్లీ చదవమంది.
మళ్లీ చదివాను, ఈసారి కాస్త నెమ్మదిగా,
నెమ్మదిగా చదివితే ఏమన్నా మారుతుందేమోనన్నట్టు.
గుమతో గుమ్మం బయటికి చూసింది.
అక్కడ ఎండిన తోళ్ల మీద గాలి డప్పు కొడుతోంది.
"సంభవించలేదా" అంది.
కోపంగా కాదు,
తనకి తెలియని ఊరి కబురేదో విన్నట్టు.

లేస్తూ అడిగింది:
"ఆ పచ్చ అన్న మాట వాళ్లదా, నీదా?"
వాళ్లదే అన్నాను.
అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి
దీవెన లాంటి ఆ మాట నోట్లో ముల్లులా తిరిగింది.

మర్నాడు బడి గేటు దగ్గర ఒక తుమ్మకొమ్మ,
చేతికి గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి,
లేత ఆకులున్నది చూసి మరీ కోసినట్టుంది.
"మేత" అంది గుమతో. "నీ మేకకు తెచ్చాను."
ఇంకేమీ అనలేదు. నీళ్ల డబ్బా వీపున వేసుకుని వెళ్లిపోయింది.

మేక దగ్గరికొచ్చింది.
వాసన చూసింది.
వదిలేసింది.

దానికి మా భాషలో ఒక పేరుంది.
ఆ రోజు ఫోన్లో నేనది చెప్పలేదు.