ఆ నెల వాన పడిందా?

లెక్కల్లో ఎనభై ఎనిమిది.
మాటల్లో డెబ్భై నాలుగు.
జీమ్యాట్ తెర మీద రెండంకెలూ పక్కపక్కనే నిలబడ్డాయి,
ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్లలా.

అంబత్తూరులో పంపుల కంపెనీ,
ఖరీదు కట్టడం నా పని.
ఇత్తడి ముక్కకి, మరకి, రబ్బరు వాషరుకి
పైసల్లో లెక్క.
దశాంశం తర్వాత మూడో స్థానంలో దాక్కున్నా
తప్పుని చెవి పట్టుకుని లాక్కొస్తాను.
అదే తప్పు ఒక పేరాలో
'అయినప్పటికీ' వెనక నక్కి కూర్చుంటే
దాని ముందునుంచే నడిచి వెళ్లిపోతాను.

పొద్దున పెరంబూరులో లోకల్ ఎక్కగానే ఒక పాసేజ్:
సముద్రం అడుగున పురుగుల జీర్ణశక్తి,
లేదా ఎప్పటివో డచ్చివాళ్ల పన్నులు,
నాకేమీ కాని వాళ్ల తగాదాలు.
విల్లివాక్కం వచ్చేసరికి మొదటి వాక్యం జారిపోతుంది.
కొరట్టూరులో, రాసినవాడు ఎవరి పక్షమో మరిచిపోతాను.
ఐదు జవాబుల్లో ఎప్పుడూ రెండు మిగులుతాయి.
ఎప్పుడూ
నేను వదిలేసిందే సరైనది.

వెయ్యి పదాల అట్టముక్కలు కొన్నాను.
పదాలు వచ్చాయి.
మార్కులు రాలేదు.

స్టోర్స్‌లో ధనకోటి.
ముత్తాతల నాటి నుంచీ మద్రాసే;
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
నోట్లో రెండూ.
తెలుగు చదవలేడు, వింటాడు.
"ఏమ్మా, రోజూ ఆ పుస్తకంతో కొట్లాట?"

చెప్పాను.
ఒక ఊళ్లో బజారులోకి కార్లు రానివ్వడం మానేశారు.
మరుసటి నెల అంగళ్లలో బేరాలు పడిపోయాయి.
కాబట్టి కార్లు ఆపడం వల్లే నష్టమన్నారు.
ఈ వాదం ఎక్కడ విరుగుతుంది?

మజ్జిగన్నం కలుపుతూనే అన్నాడు:
"ఆ నెల వాన పడిందా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.
మూడో జవాబు అదే.
నిమిషంన్నర చూసి, చూసి,
నేను కొట్టేసింది.

"మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తే ఎట్టమ్మా" అని
నా డబ్బాలోంచి ఊరగాయ తీసుకున్నాడు.

ఆ రాత్రి తప్పుల నోటుబుక్కులో
ఇంగ్లీషు పేర్లన్నీ కొట్టేశాను.
పన్నెండో ప్రశ్న: ఎద్దు ఈనిందన్నారు, దూడని కట్టేశాను.
ముప్ఫయ్యోది: తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నాను.
నలభై ఒకటి: ఒక్క మెతుకు పట్టి అన్నమంతా ఉడికిందన్నాను,
ఆ కుండలో రెండు రకాల బియ్యం.
యాభై మూడు: కునుకు పట్టింది.
దీనికి సామెత దొరకలేదు.

మూడు వారాలు ఏమీ మారలేదు.
అదీ రాశాను.

తర్వాత ఒకరోజు, రైలు పట్టరవాక్కం బయట
ఊరికే ఆగిపోయినప్పుడు,
పాసేజ్‌ని కొటేషన్ చదివినట్టు చదివాను.
ఇతను నాకేం అమ్మాలనుకుంటున్నాడు?
ఎక్కడ తగ్గించాడు, ఎక్కడ దాచాడు?
'అయినప్పటికీ' దగ్గరే ఉంది,
చిన్న అక్షరాల్లో:
రవాణా ఖర్చు అదనం.
పురుగులు కూడా
కాస్త ఆసక్తిగానే అనిపించాయి.

నవంబరులో నుంగంబాక్కంలో పరీక్ష.
తడిసిన చెప్పులు, ఏసీకి బిగుసుకుపోయిన వేళ్లు,
నలభై ఐదు నిమిషాలు, ఇరవై మూడు ప్రశ్నలు.
రెండు మిగిలిన ప్రతిచోటా
ఒక్క క్షణం
మజ్జిగ వాసన.

"ఎంతకెంత?" అన్నాడు ధనకోటి.
తొంభైకి ఎనభై రెండు.
"మిగతా ఎనిమిది?"

"ఆ నెల వాన పడింది" అన్నాను.

ఆయన నవ్వలేదు.
డబ్బా మూత తీస్తూ
"కాబట్టి?" అన్నాడు.