మంచి దుప్పట్లు

కాదిస్‌లో ఆ వారం లెవాంతె గాలి.
ఆగకుండా వీస్తే, మూడో రోజు నుంచి
ఎవరేమన్నా పట్టించుకోకూడదట,
గాలి అన్నదనుకుని ఊరుకోవాలట.
వదిన టోపీ మొదటి రోజే సముద్రం పాలు.

టవీరా గోపురం మెట్లు లెక్కపెడుతూ
నూట పన్నెండు దగ్గర లెక్క తప్పి
నన్ను తిట్టింది. గాలే అనుకున్నాను.

పైన చీకటి గది. మధ్యలో తెల్లటి పళ్లెం.
బారసాల ఊయల చుట్టూ మూగినట్టు
దాని చుట్టూ మేం, ఏడు దేశాల వాళ్లం.
పాల్మా అనే గైడు పిల్ల తాడు లాగింది.
పళ్లెంలోకి ఊరు దిగింది.

బొమ్మ కాదు, కదులుతోంది.
గుడి గుమ్మటం పక్కనించి ఓ స్కూటరు
చప్పుడు లేకుండా పోయింది.
ఓడొకటి ఇళ్ల కప్పుల మీంచి నడిచి వెళ్లింది.
ఓ డాబా మీద పసుపు చొక్కా ఆవిడ,
నోట రెండు క్లిప్పులు కరిచిపట్టి
దుప్పటితోనూ గాలితోనూ కుస్తీ పడుతోంది.

పాల్మా ఓ తెల్లకాగితం
ఆవిడ కిందికి జరిపి, మెల్లగా ఎత్తింది.
ఆవిడ లేచింది,
దుప్పటితో సహా, జానెడు ఎత్తు.
అందరం నవ్వాం.
నవ్వాక నా నోరు కాస్త చేదయింది,
తలుపు సందులోంచి చూసీ
పట్టుబడకుండా వచ్చేసినట్టు.

రాత్రి తొమ్మిది. ఇంకా ఎండ.
ఫెర్మీన్ వేపుడు కొట్టు ముందు వరసలో మేం.
బాణలిలో రొయ్య అట్లు: చిట్టి రొయ్యలు, మీసాలతో సహా,
శనగపిండి జారులోంచి నూనెలోకి దూకి
లేసు అల్లికలా విచ్చుకుంటున్నాయి.
కొరికితే ఎండుటాకు తొక్కిన చప్పుడు.
వెనిగర్లో ఊరిన సొరచేప ముక్క నోట్లో పెట్టుకుని
"జీలకర్రే!" అంది వదిన,
తిరణాలలో తప్పిపోయిన చుట్టం కనపడ్డట్టు.

బల్లల్లేవు. పీపా మీద పొట్లం, నిలబడే తిండి.
పీపాకి అవతల ఒకావిడ
పొట్లం పళ్లతో కరిచిపట్టి
సంచీలో చిల్లర వెతుకుతోంది.
ఆ కరిచిపట్టుకోవడం చూసే గుర్తుపట్టాను.

ఎలా చెప్పను? గోపురం చూపించాను,
నా కన్ను చూపించాను,
దుప్పటి ఆరేసినట్టు చేతులు చాపాను.

"పదకొండింటికా? పసుపు చొక్కానా? నేనే, రెగ్లాని!"
హోటల్లో గదులు సర్దుతూ నేర్చిన ఇంగ్లీషు ఆవిడది.
"పాల్మా మా పక్కింటి పిల్ల. రోజూ నన్ను ఎత్తుతుంది,
లావయ్యానో చిక్కానో సాయంత్రం చెబుతుంది.
చిరుగులవి తొమ్మిదిలోపే ఆరేసి తీసేస్తాను.
మీకు కనపడేవి మంచి దుప్పట్లే."

క్షమించమందామని నోరు తెరిచాను.
ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇరవై ఏళ్లు మీ గదుల్లో మీ దుప్పట్లు నేను చూశాను.
ఏమేం చూశానో చెప్పనా?"

వదినకి సొరచేప పొలమారింది.

రెగ్లా పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకుని,
తన నూనె కాగితం అంచుని
మా పొట్లంలో మిగిలిన ఒక్క ముక్క కిందికి జరిపి,
మెల్లగా, చాలా మెల్లగా పైకెత్తి
నోట్లో వేసుకుంది.